సాలు ఫాదర్ గారి దరఖాస్తులు

మా ఫాదర్‌కు నోటిమాట చెవికెక్కదు. చెవుడేమీ లేదు. మూడు గదుల అవతల ఎవరి సెల్‌ఫోన్ మోగినా ఆయనకు వినపడుతుంది. కానీ ఎవరైనా ఎదురుగా నిలబడి ఏదైనా అడిగితే మాత్రం, కళ్ళజోడు సర్దుకుని, చెయ్యి చాపి, ఒకటే మాట అంటారు.

"రాసివ్వు."

సెలవు కావాలంటే రాసివ్వాలి. సుద్దముక్కలు అయిపోతే రాసివ్వాలి. బాత్రూం గొళ్ళెం బిగుసుకుపోయి లోపల మనిషి ఇరుక్కుపోయినా, ముందు బయటున్నవాడు రాసివ్వాలి. తునికిబండలో మా మిషన్ స్కూలు మొదలై ముప్పై ఏళ్ళు దాటింది. ఈ ముప్పై ఏళ్ళలో ఈ అడవి అంచున చెట్లకు జరిగిన నష్టంలో సగం మా ఫాదర్ వాడించిన కాగితం వల్లే జరిగి ఉంటుందని నా అనుమానం.

ఆయన అసలు పేరు ఫాదర్ సాల్వు. మాల్టా దేశస్థుడు. నేను ఆ దేశాన్ని మ్యాపులో వెతికితే మూడోసారికి దొరికింది. చుక్క చిన్నది, పేరు పెద్దది. దేశమంతా కలిపి మన ఒక మండలమంత ఉంటుందట. చెప్పుకోవడానికి ఒక నది కూడా లేదట. అక్కడ పుట్టిన మనిషి ఇరవై ఏడేళ్ళ వయసులో ఖమ్మంలో రైలు దిగి, బస్సెక్కి, భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే చోట దిగి, మళ్ళీ ఎక్కలేదు. సాల్వు అనే పేరు మా వాళ్ళ నోట్లో "సాలు" అయింది. మా వైపు సాలు అంటే చాలు అని అర్థం. "సాలు ఫాదర్ ఉన్నడా?" అని ఎవరైనా అడిగితే, ఊళ్ళో ఫాదర్లు ఎక్కువైపోయారు కాబోలని కొత్తవాళ్ళు అనుకుంటారు.

నేను భార్గవిని. మాది సత్తుపల్లి దగ్గర. ఎమ్మే తెలుగు చదివి, పదకొండేళ్ళ కిందట ఉద్యోగం కోసం ఆయన ముందు నిలబడ్డాను.

"నమస్కారం ఫాదర్. తెలుగు టీచర్ పోస్టు ఉందని తెలిసి వచ్చాను."

"రాసివ్వు."

రాసిచ్చాను. చదివి వెనక్కిచ్చారు. "తేదీ లేదు."

తేదీ వేశాను. "ఎవరికి రాసినవో లేదు."

"మీకే కదా ఫాదర్!"

"నాకని నాకెట్ల తెలుస్తది?"

నాకు ఒళ్ళు మండింది. ఎమ్మేలో నాకు యూనివర్సిటీ సెకండు వచ్చింది. మూడోసారి మార్జిన్ గీసి మరీ రాసిచ్చాను. ఆయన ఎర్రపెన్ను తీసి, 'దయచేసి నాకు ఉద్యోగం ఇప్పించగలరు' అన్న వాక్యంలో మొదటి మాట కింద గీత గీశారు.

"ఇదెందుకు? నీకు పని వస్తే ఇస్తం, రాకుంటే ఇయ్యం. ఇందుల దయ ఏముంది? కొట్టెయ్ టీచర్."

అప్పటికి నేనింకా టీచర్ని కాను. ఉద్యోగం వచ్చిందని నాకు తెలిసింది అలాగే.

చేరిన నెలలోనే పాము సంగతి జరిగింది. వాచ్‌మన్ యోనా స్టోర్ రూంలోంచి చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "ఫాదర్! పాము! గింత లావు!"

ఫాదర్ చెయ్యి చాపారు. యోనా ఆ చేతి వంక చూసి, నా వంక చూసి, ఏడుపు ముఖంతో కాగితం తీసుకున్నాడు. 'విషయం: పాము గురించి' అని మొదలుపెట్టాడు. పాము పొడవు ఎంత రాయాలో తెలియక కాసేపు ఆలోచించాడు. తేదీ మర్చిపోయాడు, మళ్ళీ వేశాడు. అందరం కర్రలు పట్టుకుని వెళ్ళేసరికి స్టోర్ రూంలో బియ్యం బస్తాలు తప్ప ఏమీ లేవు. దరఖాస్తు మీద ఫాదర్ రాశారు: 'పరిశీలించడమైనది. పాము వెళ్ళిపోయినది.' కింద సంతకం. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది. పాము మాత్రం మళ్ళీ రాలేదు. ఇంత విధానం తట్టుకోలేకపోయి ఉంటుంది.

తర్వాత వెంకటప్పయ్య గారి మామిడికాయలు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి మా స్కూలు వెనక తోట వేసుకున్న రైతు. ఒక మధ్యాహ్నం తువ్వాలు విదిలిస్తూ వచ్చారు.

"ఏవండీ ఫాదరు గారూ! మీ హాస్టలు పిల్లలు నా తోట దోచేస్తున్నారండీ! ఇక ఊరుకునేది లేదు!"

"రాసివ్వండి."

"రాస్తానండీ! నాకేం భయమా!"

నాలుగు పేజీలు రాశారు. మొదటి పేజీ అంతా మామిడికాయలే. రెండో పేజీలో కంచె వచ్చింది. మూడో పేజీలో ఆ కంచె దగ్గర గట్టు కోసం సొంత తమ్ముడితో జరిగిన గొడవ వచ్చింది. నాలుగో పేజీలో మామిడికాయల ఊసే లేదు. తమ్ముడితో మాటలు లేక ఆరేళ్ళయిందని ఉంది. ఫాదర్ దాన్ని ముద్దాయిల చేతికిచ్చి జవాబు రాయమన్నారు. ఐదో తరగతి పిల్లలు ముగ్గురు కూర్చుని రాశారు: 'అయ్యా, మేము తిన్నవి మూడు. అవి పుల్లగా ఉన్నవి. ఇక తినము. మీ తమ్ముడి గురించి మాకు చాలా బాధ కలిగినది.'

వెంకటప్పయ్య గారు అది చదివి అక్కడే బెంచీ మీద కూలబడి, కళ్ళజోడు తీసి, కడుపు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడారో లేదో నాకు తెలియదు. కంచె మాత్రం ఎత్తు పెంచారు.

ఇంతవరకూ నేనూ నవ్వుకున్నాను. సక్రి విషయంలోనే నాకు కోపం వచ్చింది.

సక్రి మా హాస్టల్ వంటింట్లో వంటమనిషి ఇన్నమ్మకు తోడు. పక్క తండా మనిషి. నలభై ఆరేళ్ళుంటాయి, బడి ముఖం చూడలేదు, భర్త లేడు, ఒక్కతే కూతురు మనోజ్ఞ. రెండు మూడేళ్ళ కిందట, తండాలో పెద్ద పండుగైన తీజ్‌కు రెండు రోజులు సెలవు కావాలని వచ్చింది.

"రాసివ్వు" అన్నారు ఫాదర్.

"నాకు రాదు గద ఫాదర్! వేలిముద్రేస్త."

"వేలిముద్ర నాకొద్దు. పండుగకైతే పోయి రా. నేర్చుకున్నంక రాసివ్వు."

జాలేసి నేనే మూడు లైన్లు రాసి ఆమె చేత ఇప్పించాను. ఫాదర్ చూడగానే నాకే తిరిగిచ్చారు. "ఇది నీ చేతిరాత టీచర్. నీకెందుకు తీజ్ సెలవు?"

ఆ రోజు నుంచి సక్రికి అక్షరాలు నేర్పే పని నా మీద పడింది. కూరగాయలు తరుగుతూ అ, ఆ. గిన్నెలు తోముతూ గుణింతం. ఫాదర్‌ను ఆమె లంబాడా భాషలో తిట్టేది. అర్థం అడిగితే "ఆశీర్వాదం" అనేది. శ్రావణంలో తీసుకున్న సెలవుకు దరఖాస్తు దసరాకు తయారైంది. దాన్ని ఆయన పదకొండు సార్లు వెనక్కి పంపారు. పదకొండోసారి సక్రి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నేను తిన్నగా ఆఫీసు రూంలోకి వెళ్ళాను. "ఇది అన్యాయం ఫాదర్. పొద్దున నాలుగింటికి లేచి చాకిరీ చేసే మనిషిని ఇలా సతాయించడం ఏం బాగుంది?"

"రాసివ్వు టీచర్."

రాశాను. ఆయన మీద ఫిర్యాదు, ఆయనకే. తేదీ వేసి, ఎవరికి రాస్తున్నానో రాసి, ఎక్కడా దయ లేకుండా రాశాను. ఆయన శ్రద్ధగా చదివి, 'అందినది' అని రాసి, ఫైల్లో పెట్టుకున్నారు. అంతే.

ఆ ఏడు డిసెంబరులో ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. తోడు రమ్మంటే జిల్లా పోలీసుల ఆఫీసుకు వెళ్ళాను. ఎందుకో అక్కడికి వెళ్ళాకే తెలిసింది. నలభై ఏళ్ళుగా ఈయన ఏటా ఒక దరఖాస్తు పెట్టుకుంటున్నారు, ఈ దేశంలో ఇంకొక ఏడాది ఉండనివ్వమని. కౌంటర్లో ఉన్న కుర్ర కానిస్టేబుల్ కాగితం చూసి వెనక్కి తోశాడు.

"సార్, ఇది పాత ఫారం. కొత్తది నింపాలె. ఈడ అడ్రస్ పూర్తిగ లేదు."

నాకు లోపల ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మా ఫాదర్ మారు మాట్లాడకుండా బెంచీ మీద కూర్చుని, ఒంటి కన్నుతో మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. నేను ఉండబట్టలేక అడిగాను.

"ఇప్పుడెలా ఉంది ఫాదర్?"

ఆయన నవ్వారు. "ఇదేం జూసినవ్ టీచర్. ఎనభై నాలుగుల ఖమ్మంల ఒక ఆఫీసుకు పోయిన. నాకు తెలుగు గింతంత వచ్చు, రాసుడు రాదు. బయట చెట్టు కింద దరఖాస్తులు రాసేటాయన ఉన్నడు. ఆయనకు చెప్పిన, 'నేను ఊరికి పోవాలె, పర్మిషన్ కావాలె' అని. తునికిబండకు పోయి ఉంటనని నా మతలబు."

"అయితే?"

"ఆయన ఏమనుకున్నడు? తెల్లోడు, ఊరికి పోవాలె అంటున్నడు. ఇంటి మీద బెంగ పెట్టుకున్నడు పాపం అనుకున్నడు. స్వదేశానికి పంపించమని రాసిండు. నేను సంతకం పెట్టిన. లోపల సారు చాలా మంచోడు. వెంటనే ఒప్పుకున్నడు. పదిహేను రోజులల్ల దేశం ఇడిచి పోవచ్చు అని ఆర్డర్ ఇచ్చిండు. నేను సంబరంగ అందరికీ చూపించిన."

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"నవ్వు, నవ్వు. అది రద్దు చేసుకునేటందుకు ఐదు నెలలు పట్టింది. అప్పుడు తిరిగిన ఆఫీసులల్ల ప్రతి చెట్టు కిందా చూసిన టీచర్. మన గూడేలోళ్ళు, తండాలోళ్ళు లైనుగ కూసున్నరు. ఒకడు రాస్తడు, వీళ్ళు వేలేస్తరు. ఏం రాసిండో ఎవ్వరికీ తెల్వదు. నాకు మా బిషప్ ఉన్నడు, ఇడిపించిండు. వాళ్ళకెవ్వరున్నరు?"

అని మళ్ళీ ఫారం మీదకు వంగి, అడ్రస్ దగ్గర 'తునికిబండ' అని తెలుగులో గుండ్రంగా రాసి, తర్వాత ఇంగ్లీషులో రాశారు. ఆ ఏటికి అనుమతి వచ్చింది. నా ఫిర్యాదు వాపసు తీసుకుందామనుకున్నాను కానీ దానికీ రాసివ్వాలని ఊరుకున్నాను.

తర్వాతి ఎండాకాలం దాటాక మనోజ్ఞకు నర్సింగ్ సీటు వచ్చింది. శుక్రవారం కౌన్సిలింగ్. సోమవారం నాడు చూస్తే కుల సర్టిఫికెట్‌లో 'పురుషుడు' అని ఉంది. ఆ పిల్లేమో ఖమ్మంలో కామెర్లతో మంచం పట్టి ఉంది. సక్రి తల్లడిల్లిపోయింది. నేను తోడు వెళ్తానన్నాను. గేటు దగ్గర ఫాదర్ ఆపి, నా బ్యాగులోంచి పెన్ను తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

"పోయి రా టీచర్. రాసేది ఆమె."

"ఫాదర్, పిల్ల భవిష్యత్తు!"

"అందుకే."

మండల ఆఫీసులో గుమస్తా సర్టిఫికెట్ చూసి పెదవి విరిచాడు. "బయట రాసేటాయన ఉంటడు, రాయించుకొని రాపో."

బయట టార్పాలిన్ కింద ఉన్నాయన కాగితం మీద అప్పుడే సగం రాసేశాడు. "పేరు మార్పు అని రాస్తున్న. అదైతే జల్దీ అయితది. ఈడ వేలెయ్యి."

సక్రి కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. పెదవులు కదుపుతూ, వేలితో ఒక్కొక్క అక్షరం తడుముతూ చదివింది.

"పేరు మార్చుమని నేనెప్పుడన్న?" అంది సక్రి. "నా బిడ్డ పేరు మంచిగనే ఉంది. తప్పు పడ్డది పేరు కాడ కాదు."

"నీకేం తెలుసమ్మా..."

"తెలుసు. తెల్ల కాగితం ఒకటియ్యి."

ఆఫీసు మెట్ల మీద కూర్చుని, రవికలోంచి పెన్ను తీసింది. నలభై నిమిషాలు పట్టింది. నా వేళ్ళు గిలగిల్లాడిపోయాయి. పెన్ను ఉంటే కచ్చితంగా లాక్కునేదాన్నే. ఒత్తులు కొన్ని పోయినా ఆమె రాసింది ఇది:

'విషయం: నా బిడ్డ ఆడపిల్ల. అయ్యా, నా బిడ్డ బానోత్ మనోజ్ఞ ఆడపిల్ల. నేనే కన్నాను. మీ కాగితంలో పురుషుడు అని పడ్డది. తప్పు మీది. శుక్రవారం లోపల సరిచేసి ఇవ్వాలి. ఇట్లు, బానోత్ సక్రి.'

గుమస్తా చదివి తల ఎత్తాడు. "'తప్పు మీది' అని రాసినవేందమ్మా?"

"మరెవరిది సారూ? నాదా?"

అతను కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళాడు. లోపలి నుంచి ఆఫీసరమ్మ నవ్వు వినపడింది. "నేనే కన్నాను అట! ఇంకేం సాక్ష్యం గావాలె? పిలువు ఆమెను."

బుధవారం కొత్త సర్టిఫికెట్ వచ్చింది. శుక్రవారం సీటు ఖాయమైంది. మనోజ్ఞ ఇప్పుడు రెండో సంవత్సరం. ఇదంతా తర్వాతి మాట.

ఆ సోమవారం మేం తిరిగొచ్చేసరికి హాస్టల్లో అన్నం గంట కొట్టారు. వంటింట్లోంచి పొగ, మాడు వాసన, ఇన్నమ్మ గొంతు.

"నలభై ఏండ్లాయె ఈ దేశమొచ్చి! పప్పు కలపాలె అని తెల్వదా? గరిటె ఇట్లియ్యి!"

లోపల మా ఫాదర్. అంగీ చేతులు పైకి మడిచి, ముఖమంతా మసి, ఒక వేలికి గుడ్డ కట్టు. సక్రి లేని పని పొద్దుటి నుంచీ ఆయనే చేస్తున్నారట. ఉల్లిపాయలు నాలుగు కిలోలు కోశారట. ఏడుస్తూనే కోశారట.

సక్రి గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. కొంగు నడుముకు దోపుకుని లోపలికి వెళ్ళి, ఆయన చేతిలోంచి గరిటె లాక్కుంది.

"జరుగు ఫాదర్. పనయింది. పోయి తిను."

ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు. ఆమె ముఖం చూశారు, చాలనుకున్నారు. చేతులు కడుక్కుని, కంచం పట్టుకుని, మూడో తరగతి పిల్లల వెనకాల లైన్లో నిలబడ్డారు. ముందున్న పిల్ల వెనక్కి తిరిగి, ఆయన్ని వంగమని సైగ చేసి, చెవిలో చెప్పింది.

"ఫాదర్, పప్పు పోసుకోకు. ఎవరో వంట రానోళ్ళు వండిన్రు. మాడింది."

"అట్లనా?" అని ఆయన గంభీరంగా తల ఊపి, తన వంతు రాగానే రెండు గరిటెలు పోయించుకున్నారు.