పెద్దగొంతు మైసయ్య దీవెనలు

మైసయ్యకు ఒకే ఒక అలవాటు ఉండేది: అందరికీ మేలు కోరడం. దీనిని దోషమని ఎవరూ అనరు. అయితే అతడు ఆ మేలును ప్రతి వేకువనా తన బర్రెల కొట్టం ముందున్న రాతి గద్దె మీద నిలబడి, ఛత్రినాకలోని మా గల్లీ మొత్తానికి వినబడే గొంతుతో, ఒక్కొక్కరి పేరూ వారి బాధా విడమరచి మరీ కోరేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాని ఆ రోజుల్లో నేను అతని ఎదురింట్లో అద్దెకు దిగాను. సర్కారు దఫ్తరులో ఉత్తర్వులకు నకళ్లు రాసే ఉద్యోగం నాది. మర్యాద విషయంలో నాకు కొంత పట్టింపు ఉండేది. దిగిన కొద్ది రోజులకే ఒక వేకువన ఇలా వినబడింది:

"ఎదురింటి మున్షీ సాబ్ బాగుండాలె. పాపం, ఆయనకు కడుపు సాఫ్ అయితలేదు. సాఫ్ కావాలె."

నేను మంచం మీదనే కొయ్యబారిపోయాను. ఆ సంగతి నా భార్యకు తప్ప అన్యులకు తెలియదని అప్పటివరకు నమ్మి ఉన్నాను. మధ్యాహ్నానికి పొరుగింటి ఆండాలు ఒక గిన్నెడు సునాముఖి కషాయం తెచ్చి ఇచ్చింది. అవమానంతోనే తాగాను. గుణం కనిపించిన మాట దాచను.

విచారించగా తెలిసినదేమంటే, మైసయ్య వయసులో ఉన్నప్పుడు అజంతా గుహల దగ్గర యాత్రికుల సామాను మోసేవాడట. సింహళం నుండి వచ్చిన ఒక బౌద్ధ భిక్షువు అతనికి ఒక సాధన నేర్పాడట. ముందు తనకు, తరువాత తనవారికి, ఆ తరువాత ముక్కూ మొహం తెలియనివారికి, చివరకు తనకు గిట్టనివారికి మనసులో మేలు కోరుకోవాలి. మైసయ్య ఆ క్రమాన్ని తు.చ. తప్పకుండా పాటించేవాడు. మనసులో అన్న మాటను మాత్రం వదిలివేశాడు. గిట్టనివారి వంతు వచ్చినప్పుడు, "నా బర్రెను తన్నిన దుర్గయ్య బాగుండాలె. తన్నిన కాలు నొప్పి తగ్గాలె. బర్రెకు గూడ తగ్గాలె" అన్నాడు. దుర్గయ్య చాలా రోజులు మా గల్లీ ముఖం చూడలేదు.

ఇంతవరకు అందరూ సహించారు. కొత్త కోడలు కాపురానికి వచ్చిన రాజమణి ఇంట్లో మైసయ్య పాలు పోసి వచ్చిన మరునాడు మాత్రం గల్లీ యావత్తూ నిర్ఘాంతపోయింది.

"రాజమణి కోడలు సావిత్రి బాగుండాలె. పిల్లకు ఆకలి తీరుతలేదు, మారు అడుగుదామంటె సిగ్గు. రెండోసారి అన్నం పెట్టే బుద్ధి రాజమణికి పుట్టాలె."

రాజమణి పరువు వీధిన పడింది. మైసయ్యను కొట్టంతో సహా ఖాళీ చేయించవలసిందేనని పట్టుబట్టింది. ఆ ఇళ్లకు యజమాని బార్కస్‌లో ఉండే సాలెహ్ జమాదారు. ఆయన వచ్చి గద్దె మీద కూర్చున్నాడు. ఫిర్యాదును క్రమంగా విన్నవించే భారం నాపై పెట్టారు. విన్నవించాను. మైసయ్య బర్రె మెడ నిమురుతూ నిలబడ్డాడు. వెళ్లగొడితే అతనికి మరొక చోటు లేదని అందరికీ తెలుసు.

"దిల్ల కోరుకోమంటె నోటితోని ఎందుకు కోరినవ్ మైసయ్యా?" అని జమాదారు అడిగాడు.

"మొదట దిల్లనే కోరిన సాబ్, శానా దినాలు. దేవునికి ఇనవడ్డదేమొ గని, ఆండాలుకు ఇనవడలే. గట్టిగ చెప్పినంకనే కషాయం గిన్నె పట్టుకొని బయటికొచ్చింది."

ఇంకా చెప్పవలసిన అంశాలు నా దగ్గర ఉన్నాయి. రాసుకొచ్చిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. అంతవరకు అతనిని అమాయకుడని అనుకున్నవారిలో నేనే ప్రథముడిని.

అప్పుడు తలుపు చాటు నుండి సావిత్రి గొంతు వినబడింది. "ఆయనను పంపకుండ్రి సాబ్. ఇప్పుడు అత్తమ్మ నేను అడగకముందే పెడుతున్నది."

"పెట్టక ఏం జేస్తనే? తెల్లారితె వీని నోట్ల పడాలె గద," అన్నది రాజమణి. అని, తానే ముందుగా నవ్వింది.

మైసయ్య ఉండవచ్చునని, అయితే ఇకమీదట దీవెనలు మెల్లగా పలకాలని జమాదారు తీర్పు చెప్పాడు.

మరునాటి వేకువన మైసయ్య గద్దె ఎక్కి పెదవులు మాత్రం కదిపాడు. ఒక్కొక్క కిటికీ తెరుచుకున్నది. జనం చెవులు రిక్కించారు. నేను కూడా లేచి కూర్చున్నాను. కొంతసేపటికి రాజమణి గరిటెతో సహా వీధిలోకి వచ్చింది.

"ఏంది మైసయ్యా ఆ గొణుగుడు? ఎవలికేం కష్టమొచ్చిందో గట్టిగ చెప్పు. ఆడ పప్పు ఉడికింది, ఎవలింటికి పంపాల్నో తెల్వకపాయె."