బంద్ రోజు ఇంగ్లిష్ పాఠం

ఏటా ఈ పాఠం దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు ఒకచోట నిలవవు. మస్ట్, హావ్ టు, షుడ్, నీడ్ టు. బోర్డు మీద ఈ ముక్కలు రాసి, ఆ గోడ నుంచి ఈ గోడ దాకా తిరుగుతూనే ఉంటాను. "కూర్చోండి సార్, మాకే కళ్లు తిరుగుతున్నయ్" అంటారు పిల్లలు. కూర్చుంటే ఈ పాఠం నాకు రాదు. నేను దీన్ని నేర్చుకున్నది క్లాసులో కాదు, తార్నాక చౌరస్తాలో, నడిరోడ్డు మీద.

అప్పట్లో నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎమ్మే ఇంగ్లిష్ చదివేవాణ్ణి. డిగ్రీ దాకా తెలుగు మీడియం. పుస్తకం ఇస్తే ఎంత లావుదైనా నమిలేసేవాణ్ణి గానీ, నోరు తెరవాలంటే గొంతులో ముల్లు పడ్డట్టుండేది. అందుకే సాయంత్రాలు తార్నాకలో ఒక మేడం దగ్గర స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకునేవాణ్ణి. జిరాక్స్ షాపు పక్కన ఇరుకు షట్టర్ గది. మేడం వాళ్లది కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబం. ఆవిడ పుట్టింది, పెరిగింది, రిటైరైంది అన్నీ తార్నాకలోనే. మాట మాత్రం వాళ్లమ్మ మాటే. నోరు తెరిస్తే చాలు, ఎటువైపు వాళ్లో తెలిసిపోయేది. తెలంగాణ ఉద్యమం ఉడుకుతున్న ఆ రోజుల్లో అది తెలియడం చిన్న సంగతి కాదు.

మా ఇంట్లో అన్నిటికీ ఒకటే మాట, "చెయ్యాలె". పొలం దున్నాలె, చదువు చదవాలె, పెండ్లికి పోవాలె, జ్వరమొస్తే మందు మింగాలె. ఎవరు చెయ్యమన్నారు, చెయ్యకపోతే ఏమవుతుంది అని అడిగే అలవాటు మాకు లేదు. మేడం సరిగ్గా అదే అడిగేవారు. "నీ అంతట నువ్వు అనుకుంటున్నావా? రూలు అలా ఉందా? లేకపోతే చేస్తే బాగుంటుందంటున్నావా? ముందు అది తేల్చుకుని నోరు తెరువు." తేల్చుకోవడమే నా వల్ల అయ్యేది కాదు. ఒకసారి ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టి, చివర్లో ఏమైనా చెప్పాలా అని అడిగారు. వినయంగా చేతులు కట్టుకుని, "సర్, యూ మస్ట్ గివ్ మీ దిస్ జాబ్" అన్నాను. మనకది బతిమాలడమే కదా, "మీరే ఇప్పియ్యాలె సార్" అన్నట్టు. మేడం నన్ను పైనుంచి కిందికి చూసి, "కత్తెక్కడ దాచావయ్యా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

సొంత వాక్యాలు చెప్పమంటే హాస్టల్ పిల్లలందరివీ ఒకటే వాక్యం, "వి మస్ట్ గెట్ తెలంగాణ." మేడం మొహంలో ఏమీ కనిపించేది కాదు. "వాక్యం సరిగానే ఉంది, కూర్చో" అనేవారు. లోపల ఏమనుకునేవారో అని నాకు పీకుతుండేది.

ఒక పేరున్న ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిష్ టీచరు ఉద్యోగానికి నాకు ఇంటర్వ్యూ వచ్చింది. మా ఇంట్లో ఇంగ్లిష్‌తో అన్నం తినబోయే మొదటి మనిషిని నేనే. అది చేతికి రాకపోతే ఊరికి పోయి నాగలి పట్టాలి, ఇంకో దారి లేదు. సరిగ్గా ఇంటర్వ్యూకు ముందు రోజుకే బంద్ పిలుపు పడింది. క్యాంపస్ గేట్ల దగ్గర పోలీసు వ్యాన్లు, ముళ్లకంచెలు, కళ్లు మండించే పొగ వాసన. ఉద్యమంలో నేను మనసారా ఉన్నాను. ఉద్యోగమూ మనసారా కావాలి. రోడ్డు మీదుంటే పాఠం పోతున్నదని, పుస్తకం పట్టుకుంటే నినాదాలు వినబడుతున్నాయని పొద్దున్నుంచీ గదిలోకీ బయటికీ తిరుగుతూనే ఉన్నాను.

బంద్ రోజు దుకాణాలు మూయించడానికి హాస్టల్లో జట్లు కట్టారు. మా జట్టుకు పెద్ద ఒక సీనియర్, అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. మా జట్టుకు పడ్డది మేడం క్లాసున్న గల్లీయే. హైదరాబాద్ బంద్ సంగతి ఎవరికి తెలియదు? బయటికి షట్టర్ సగం దించి, లోపల పని నడుపుకుంటారు. మేడం గది షట్టర్ కూడా సగమే దించి ఉంది. కింది సందులోంచి చెప్పులు కనబడ్డాయి. అన్నీ నాకు తెలిసిన చెప్పులే, మా బ్యాచ్ వాళ్లవి. నా ఇంటర్వ్యూ కోసమే మేడం ఆ పూట క్లాసు పెట్టారు. నేనేమో మూయించడానికి వచ్చాను.

"వంగి చూడ్రా, లోపలెవరో ఉన్నరు" అన్నాడు అన్న.

వంగాను. ఎదురుగా మేడం కళ్లు.

"లేటయ్యావు, రా లోపలికి" అన్నారు.

"మేడం, ఇయ్యాల బంద్... మూసెయ్యాలె" అన్నాను.

ఆవిడ బయటికి వచ్చి, పిల్లలందర్నీ రప్పించి, షట్టర్ కిందికంటా తనే లాగి తాళం వేశారు. "మూయించడం నీ పని, అయిపోయింది. పాఠం చెప్పడం నా పని, అది కాలేదు. ఎక్కడ కూర్చుందాం?"

వెనకా ముందూ చూసుకోకుండా, "చౌరస్తాల, మేడం" అనేశాను. అనగానే నాలుక కరుచుకున్నాను. చౌరస్తాలో ఆ రోజు వంటావార్పు. రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి వండి, అక్కడే బంతి కూర్చుని తినడం మా నిరసన. ఆ గుంపులోకి, ఆ మాట తీరుతో, ఆవిణ్ణి నేనే తీసుకెళ్తున్నాను. మిగతా షాపులు మూయిస్తూ వెనకబడ్డ అన్న కోసం దారి పొడుగునా వెనక్కి తిరిగి చూసుకుంటూనే నడిచాను. ఆవిడ మాత్రం బస్సుల్లేని రోడ్డును చూసి, "ఇంత వెడల్పుంటుందా ఇది!" అని ఆశ్చర్యపోయారు.

అన్నం, పప్పు దిగాయి. పచ్చిపులుసు బకెట్లలో ఉంది. డివైడర్ పక్కన జనం వరసగా కూర్చుంటున్నారు. నడిచి నడిచి మేడం మోకాళ్లు పట్టేసినట్టున్నాయి, ఆ వరస చివరనే చతికిలబడ్డారు. ఆవిడ చుట్టూ మేం కూర్చున్నాం.

అన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "మేడం, మీరు ఏ ఊరోళ్లు?"

"తార్నాక."

"గంతకు ముందు?"

"అంతకు ముందు మా అమ్మ కడుపులో ఉన్నానయ్యా."

ఎవరో కిసుక్కున నవ్వారు. అన్న నవ్వలేదు. "అయితే ఒక్కసారి జై తెలంగాణ అనుండ్రి. అని ఎంతసేపన్న పాఠం చెప్పుకోండ్రి. అననంటే మాత్రం ఈడికెల్లి లేవాలె."

మేడం తొందరపడలేదు. "మనసులో లేని మాట నాతో అనిపించకు బాబూ. మీ రాష్ట్రం వచ్చినా నేను ఇక్కడే ఉంటాను, రాకపోయినా ఇక్కడే ఉంటాను. రేపు ఇతనికి ఇంటర్వ్యూ. ఇవాళ నేను వచ్చింది దానికి."

"గదంత వద్దు మేడం. లేవుండ్రి."

ఆవిడ మోకాలి మీద చెయ్యి ఆనించి లేవబోయారు. నాకు కోపం, సిగ్గు, భయం అన్నీ ఒకేసారి తన్నుకొచ్చాయి. అన్నతో వాదించే ఇంగ్లిష్ నా దగ్గర లేదు, తెలుగూ లేదు. పక్కనున్న కట్టలోంచి విస్తరాకు లాగి ఆవిడ ముందు పరిచాను. నీళ్లు చిలకరించాను. గిన్నెలోంచి ఇంత అన్నం తెచ్చి పెట్టాను, పప్పు పోశాను.

"ఏం జేస్తున్నవ్‌ర నువ్వు?" అన్నాడు అన్న.

"బంతి కూసున్నదన్నా. వడ్డిస్తున్న."

మా దిక్కు ఎంత పగవాడైనా సరే, ఆకు ముందు కూర్చుని అన్నం పడ్డాక లెమ్మనరు. అన్నను పెంచిన ఇల్లు కూడా అలాంటిదే. అతను నన్ను చూశాడు, ఆకును చూశాడు. చివరికి బకెట్ అందుకుని వరస మొదటికి వెళ్లిపోయాడు.

మేడం అన్నం కలుపుకుంటూ, "ఊఁ, నీ గురించి చెప్పు" అన్నారు ఇంగ్లిష్‌లో. చెప్పాను. తప్పు దొర్లినప్పుడల్లా ముద్ద ఆపి దిద్దారు. స్కూల్లో పిల్లాడు మాట వినకపోతే ఏం చేస్తావు, ఫలానా పాఠం ఎలా మొదలుపెడతావు అని ఒకటి తర్వాత ఒకటి అడుగుతూనే ఉన్నారు. మళ్లీ పప్పు తెస్తే, ఆకుకు చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నారు. ఎప్పుడూ అంతే, పిట్ట తిండి. అయినా ఆ కాస్త అన్నాన్ని మెతుకు మెతుకుగా తింటున్నారు. ఎందుకో నాకు అర్థమైంది. వరసలో చివరి మనిషి తినేదాకా ఎవరూ లేవరు. ఆవిడ తింటున్నంతసేపే నా క్లాసు.

వరసంతా తినేసింది. అందరూ మా వైపే చూస్తున్నారు. ఆవిడ ఆకు ఖాళీ అయిపోయింది, మడవలేదు. ఇంకా ఆ చివరి ప్రశ్న ఉండనే ఉంది, నేను అభాసుపాలైన ప్రశ్న. అన్న దూరం నుంచి ఆ ఖాళీ ఆకును చూశాడు. అతను నేరుగా మా దగ్గరికి నడిచి వచ్చాడు, చేతిలో అన్నం గిన్నె.

మేడం ముందు వంగాడు. "ఇంగ కొంచెం తినాలె మేడం" అన్నాడు, ఆవిడ మొహం చూడకుండా. ఇందాక "లేవాలె" అన్న నోరే, అదే "ఆలె"; ఈసారి అది హుకుం కాదు.

ఆవిడ ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు. అన్నం పడింది. నా వైపు తిరిగి, "చివరగా ఏమైనా చెప్పాలా?" అని ఇంగ్లిష్‌లో అడిగారు. నాది ఏ "ఆలె"నో ముందు తేల్చుకుని, అప్పుడు నోరు తెరిచాను.