కత్తిరించని వాక్యం

టీచరమ్మ చనిపోయింది. మా సంఘం వాట్సాప్ గ్రూపులో "ప్రభువునందు నిద్రించారు" అని పెట్టారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనప్పుడు నందిగామలో మా షెడ్డులో లారీ బాడీ కింద పడుకుని వెల్డింగ్ చేస్తున్నాను. అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, టీచరమ్మ పోయిందిరా. జాకెట్టు కుడతా కుడతా మిషను మీదే తల వాల్చేసిందంట" అంది. మొహానికి ఉన్న అద్దం తీయకుండా అలాగే పడుకున్నాను. తీస్తే పక్కవాడు నా మొహం చూస్తాడు.

నిద్రించడం అనే మాట ఆమెకు పడేది కాదు. "యేసు కూడా తన స్నేహితుడి గురించి ముందు నిద్రపోయాడనే అన్నాడ్రా. శిష్యులకి ఎక్కలా. అప్పుడు చచ్చిపోయాడని తిన్నగా చెప్పేశాడు. చెప్పి, సమాధి దగ్గర ఏడ్చాడు. ఏడ్చాకే బతికించి లేపాడు. మనమేమో ఏడుపు ఎగ్గొట్టేసి లేపుడు దగ్గరికి పోదామని చూస్తాం" అనేది. అందుకే నేను చనిపోయింది అనే రాస్తున్నాను. గారు పెట్టలేదని ఎవరూ తప్పు పట్టకండి. ఆమెకు గారు అంటే, "ఏంట్రా, ఏం కావాలి?" అని అనుమానంగా చూసేది.

జగ్గయ్యపేటలో మా పేటకు తిరిగే సందు మొదట్లో ఆమె టైలరింగ్ కొట్టు. జాకెట్లు, ఫాల్స్, స్కూలు పిల్లల యూనిఫారాలు. ఆదివారం పొద్దున మాత్రం మిషను మీద గుడ్డ కప్పేసి రేకుల చర్చిలో సండే స్కూలు చెప్పేది. మా అమ్మకూ ఆమే టీచరమ్మ, నాకూ ఆమే. ఇంటర్ తప్పి పుస్తకాలు మూల పడేసిన నేను ఇవాళ నాలుగు వాక్యాలు రాస్తున్నానంటే, గట్టిగా చదవడం ఆ రేకుల కింద నేర్చుకున్నాను గనుకే. ఆమె గుణాలన్నీ మంచివే అని అబద్ధం చెప్పను. చెప్పిన రోజుకి జాకెట్టు ఇచ్చిన పాపాన పోలేదు. పెళ్ళి ముందు రోజు హుక్కులు కుట్టించుకోలేక ఏడ్చిన ఆడపిల్లలు మా పేటలో చాలామంది ఉన్నారు. వాదనకి దిగితే వదిలేది కాదు.

చిన్నప్పుడు ఒకసారి ఎక్కడో విన్నది పట్టుకొచ్చి గొప్పగా చెప్పాను. "టీచరమ్మా, త్రిత్వం అంటే నీళ్ళు, ఐసు, ఆవిరి లాంటిదంట. మూడూ నీళ్ళేనంట."

"నీళ్ళు ఐసైపోతే ఇంక నీళ్ళుంటాయా?"

"ఉండవు."

"మరి కుమారుడు సిలువ మీద ఉండి తండ్రిని పిలిచాడే, ఎవర్ని పిలిచినట్టు? తనని తనే పిలుచుకున్నాడా?"

ఆమె సుద్దముక్క చేతిలో తిప్పుతూ అంది. "తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, పరిశుద్ధాత్మ దేవుడు. అట్టని ముగ్గురు దేవుళ్ళు కాదు, ఒక్కడికే మూడు వేషాలూ కాదు. దేవుడు ఒక్కడే."

"అర్థం కాలేదు టీచరమ్మా."

"నాకు మాత్రం అయిందేంట్రా? నా బుర్రలో పట్టేసేవాడైతే నా బుర్రంతే ఉంటాడు. అంత చిన్నోడికి నేను మొక్కను. ఒకటి మాత్రం నాకు తెలుసు. ఈ లోకం పుట్టకముందు కూడా ఆయన ఒంటిగా లేడు. తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తానే ఉన్నాడు. ప్రేమించడం ఆయన మనల్ని చూసి కొత్తగా నేర్చుకోలా."

ఈ మాట అప్పుడు నా చెవిలో పడి ఊరుకుంది. పనికొచ్చింది చాలా ఏళ్ళ తర్వాత.

మా చర్చిల్లో కొత్త సంవత్సరం రోజు వాగ్దానం కార్డులు తీయడం అలవాటు. బైబిల్లోంచి మంచి మాటలు ఏరి చిన్న చిన్న కార్డుల మీద రాసి పళ్ళెంలో పెడతారు. ఇంటికొకరు వచ్చి కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి దేవుడు ఆ ఇంటికిచ్చిన మాట అది. మా సంఘంలో ఆ కార్డులు టీచరమ్మే తయారు చేసేది. రంగు చార్టులు తెచ్చి, గీతలు గీసి, గుండ్రటి అక్షరాలతో రాసి, జాకెట్లు కత్తిరించే పెద్ద కత్తెరతోనే కోసేది. అంచులు ఎంత నున్నగా ఉండేవో!

ఒక జనవరిలో మా ఇంటి తరఫున అమ్మ కార్డు తీసింది. ఏ అపాయమూ మీ గుడారం దగ్గరికి రాదనే మాట వచ్చింది. అమ్మ మురిసిపోయింది. అన్న దాన్ని తన ఫోను వెనక, పారదర్శకంగా ఉండే కవర్లో పెట్టుకున్నాడు. ఆ ఎండాకాలం కంకర మిల్లులో కన్వేయరు మీద ఇరుక్కున్న రాయి తీయమని అన్నను పైకి ఎక్కించారు. పడకుండా నడుముకి కట్టుకునే బెల్టు ఇవ్వలేదు. పడిపోయాడు. ఫోను పగలలేదు. కార్డు మడత కూడా పడలేదు.

ఇంటికొచ్చిన ప్రతివాడూ దేవుడి చిత్తం అన్నాడు. ఆయన మంచివాళ్ళనే ముందు తీసుకెళతాడన్నాడు. నాకు ఒక్కొక్కడి చొక్కా పట్టుకోవాలనిపించింది. పూడ్చిన వారానికి ఆ కార్డు తీసుకుని టీచరమ్మ కొట్టుకెళ్ళాను. మిషను మీద, సూది కిందే పెట్టాను.

"చదవండి. మీ రాతే."

పెడల్ ఆపింది. జాకెట్టు కోసం కూర్చున్న ఆవిడ లేచి బయటికి పోయింది.

"కూర్చో."

"కూర్చోను. ఇది అబద్ధమన్నా కావాలి, మీ దేవుడు చేతకానోడన్నా కావాలి. రెంట్లో ఏదో చెప్పండి."

"అయితే నిలబడే విను" అంది. కార్డు తిప్పి చూసింది. అంచును వేలితో నిమిరింది. తర్వాత పక్కనున్న కత్తెర వైపు చూసింది. ఆమె మొహం అట్లా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒరేయ్, ఇది ఏ కీర్తనలోదో తెలుసా? సైతాను యేసుని గుడి శిఖరం మీదికి తీసుకెళ్ళి, దూకు, దూతలు చేతులతో పట్టుకుంటారు, రాసి ఉందిగా అన్నాడే, ఆ కీర్తనే. వాడు లేని మాట చెప్పలేదురా. ఉన్న మాటే చెప్పాడు. ముందూ వెనకా కోసేసి చెప్పాడు." కత్తెరను అవతలికి నెట్టింది. "నేనూ అదే చేశా. కోసి మీ అన్న చేతిలో పెట్టా."

నేను కొట్లాడదామని వెళ్ళాను. ఆమె నా పక్కకొచ్చి నిలబడిపోయింది. ఎవరితో కొట్లాడాలి?

పాత బైబిలు తెచ్చి ఆ కీర్తన మొత్తం చదివింది. చివర్లో, శ్రమలో నేను అతనికి తోడుగా ఉంటానని దేవుడే అనే చోట ఆగింది. "శ్రమే రాదన్నవాడు శ్రమలో తోడుంటానని ఎందుకంటాడు? ఈ ముక్క నేను కత్తిరించినప్పుడు కింద పడిపోయింది. చీపురుతో ఊడ్చేశా."

"తోడుండి ఏం చేశాడు? పైన కూర్చుని చూశాడు, కాంట్రాక్టరు లాగా."

ఆమెకు కోపం వచ్చింది. "కాంట్రాక్టరు కిందికి దిగుతాడా? ఈయన దిగాడు. వడ్రంగి ఇంట్లో పెరిగాడు. చేతుల్లో మేకులు దిగాయి. లోకం పుట్టకముందు నుంచి ప్రేమించిన కొడుకు చస్తుంటే ఆ తండ్రి చూశాడు. ఆయనకి తెలీదనుకోకు. ఇంకోటి. బెల్టివ్వనోడి పాపం దేవుడి మీద వెయ్యొద్దు. దేవుడి చిత్తం, దేవుడి చిత్తం అనేవాళ్ళు ఆ మిల్లువాణ్ణి ఊరికే వదిలేస్తున్నారు. దేవుడు న్యాయవంతుడని నమ్మేదాన్ని, నేను వదలను."

వదల్లేదు కూడా. అమ్మను వెంటబెట్టుకుని స్టేషనుకి పోయింది. ఎస్సై గారు లేరంటే, వచ్చేదాకా కూర్చుంటామండీ అని బెంచీ మీద కూర్చుని సంచిలోంచి హుక్కుల పని తీసి కుట్టుకుంది. కేసు రాసుకున్నారు. అది ఇంకా నడుస్తూనే ఉంది.

నేను కార్డు తీసుకెళ్ళిన రోజే కొట్లో ఇంకో పని చేయించింది. కీర్తనల్లో ఒకటి తీసి నా చేతికిచ్చి గట్టిగా చదవమంది. చదివాను. మొదటి నుంచీ ఏడుపే. నన్ను గోతిలో పడేశావు, నా వాళ్ళను దూరం చేశావు, మొహం ఎందుకు దాచుకుంటావు అని దేవుణ్ణి నిలదీయడమే. వెలుగు వస్తుందేమోనని చూస్తూ చదివాను. రాలేదు. చీకటి దగ్గర ఆగిపోయింది.

"పేజీ చిరిగిందా?" అన్నాను.

"లేదు. అంతే అది. ఈ అరుపు మనిషిది. కానీ దేవుడు దీన్ని తన పుస్తకంలోంచి తీసెయ్యలా. మనిషి నోటితో పలికించి, తన మాటగా దాచి, నీదాకా పంపించాడు. తియ్యటి ముక్కే వాక్యం కాదురా, మొత్తం వాక్యం. ఇంకోటి చూడు. ఇంత తిట్టినవాడు పక్కింటోడితో చెప్పుకోలా. ఆయనతోనే అన్నాడు. నీకు మాటలు రాకపోతే ఈ మాటలు వాడుకో. అందుకే ఉన్నాయి."

నేను వాడుకోలేదు. నమ్మకం పోయిందని చెప్పలేను, ఉందనీ చెప్పలేను. దేవుడితో మాట్లాడటం మానేశాను, అంతే. ప్రతి ఆదివారం సాయంత్రం కొట్టుకెళ్ళి ఆమె చదవమన్నది చదివేవాణ్ణి. ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి లేచిపోయేవాణ్ణి. ఒక్కసారి కూడా కూర్చోమనలేదు. "నీకూ ఆయనకూ మధ్య గొడవ. నేను మధ్యలో దూరను" అనేది. సంఘంలో వాడు చెడిపోయాడన్నవాళ్ళకు మాత్రం, "చెడిపోయినోడు పలకరించకుండా పోతాడు. వీడు అలిగాడు. అలగాలన్నా అవతల ఒకరుండాలిగా" అని నోరు మూయించేది.

మళ్ళీ జనవరి వచ్చింది. ఆమె కార్డులు కోయలేదు. పెద్ద చార్టు మీద ఒక కీర్తన మొదటి మాట నుంచి చివరి మాట దాకా రాసి చర్చి గోడకు అంటించింది. ఆ ఏడాది నాకు చదివించిన చీకటి కీర్తనే. పెద్ద గొడవైంది.

"పండగపూట ఈ ఏడుపేంటమ్మా? జనం ఆశీర్వాదం కోసం వస్తారు" అన్నారు మా పాస్టరు అయ్యగారు.

"నిరుడు కత్తెరతో కోసే కదండీ ఆశీర్వాదం ఇచ్చా. ఎవరింటికెళ్ళిందో మీకూ తెలుసు. ఇంక నా చేత్తో కొయ్యను. కావాలంటే విజయవాడలో అచ్చేసినవి అమ్ముతారు, తెచ్చుకోండి."

కొందరు తెచ్చుకున్నారు. కొందరు ఆమెతో మాటలు మానేశారు. ఆమె కుట్టిన జాకెట్లు మాత్రం మానలేదు. ఏటా ఒక చార్టు గోడకెక్కింది. దుఃఖానివి, కోపానివి, స్తుతివి, అన్నీ. పిల్లలు వాటి ముందు నిలబడి చదవడం నేర్చుకున్నారు.

చావు కబురు తెలిసిన మధ్యాహ్నం టీచరమ్మ వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "నందిగామలో ఫ్లెక్సీ చెప్పా, వచ్చేటప్పుడు పట్టుకురా తమ్ముడూ" అంది. వెళ్ళాను. ఫ్లెక్సీ నిండా టీచరమ్మ ఫొటో. కింద యెహోవా నా కాపరి అనే కీర్తన. పచ్చిక దాకా ఉంది, తర్వాత చుక్కలు. చావులాంటి చీకటి లోయలో నడిచినా నువ్వు తోడుంటావనే మాట లేదు.

"లోయేది?" అని ఫ్లెక్సీ కొట్టు కుర్రాణ్ణి అడిగాను.

"స్థలం సరిపోలేదన్నా. అయినా చావింటి ఫ్లెక్సీలో చావు మాటెందుకన్నా, జనం ఫీలవుతారు."

"చావింటికి జనం పెళ్ళిభోజనానికొస్తారా? లోయ లేకపోతే తోడుంటావు అన్న మాటకి పనేంటి? మొత్తం వెయ్యి."

"ఫొటో చిన్నదైపోద్దన్నా!"

"అవనీ."

ఫొటో పాస్‌పోర్టు సైజుకొచ్చింది. అక్షరాలు అంచు నుంచి అంచు దాకా నిండాయి. దాన్ని చుట్టి బండికి కట్టుకుని, హైవే మీద చిల్లకల్లు దాటి టీచరమ్మ ఇల్లు చేరాను. వాళ్ళమ్మాయి విప్పి చూసి ఏడుస్తూనే నవ్వింది. "అమ్మకి ఫొటో ఎప్పుడు నచ్చింది గనక!" అంది.

సమాధి దగ్గర అయ్యగారు తన బైబిలు నా చేతికిచ్చారు. "నీకు చదివించినది చదవరా. ఆమె అదే అడిగేది" అన్నారు. ఆయనే, ఆ గోడ దగ్గర గొడవపడిన ఆయన. చదివాను. చీకటి దగ్గర అయిపోయింది. మామూలుగా అందరూ ఆమెన్ అంటారు. ఒక్కరూ అనలేదు. ఇంకా ఏదో ఉందన్నట్టు నా వైపే చూస్తున్నారు. పుస్తకంలో ఇంకేమీ లేదు. నోరు తెరిచింది నేనే.

"అన్నను పోనిచ్చావు. ఈమెనూ పోనిచ్చావు. ఇద్దర్నీ లేపుతానన్నావు. లేపేదాకా నిన్ను వదలను."

అన్న పోయాక నా మాటలతో దేవుడితో అన్నది అదే మొదలు. ప్రార్థన అలా చేయకూడదని ఎవరైనా అంటారేమో అనుకున్నాను. అయ్యగారు నెమ్మదిగా ఆమెన్ అన్నారు. తర్వాత అమ్మ అంది. తర్వాత మట్టి పడిన చప్పుడు.

సాయంత్రం వాళ్ళమ్మాయితో కలిసి కొట్టు తీశాను. మిషను సూది కింద సగం కుట్టిన జాకెట్టు. వచ్చే జనవరి కోసం బల్ల మీద కొత్త చార్టు పరిచి ఉంది. సుద్దతో పైనుంచి కింద దాకా గీతలు గీసుకుంది. అక్షరం ఒక్కటీ లేదు. ఏ కీర్తన అనుకుందో ఎవరికీ చెప్పలేదు. గోడకు మేకు మీద కత్తెర మూసి వేలాడుతోంది. తలుపు సందులోంచి గాలి వచ్చినప్పుడల్లా చార్టు అంచు కొంచెం లేస్తోంది, గీతల మీది సుద్ద పొడి కొద్దికొద్దిగా కదులుతోంది.