ఈరమ్మ ఇంటి లోపలి గడియ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను కర్ణాటకలోని బీదర్ జిల్లా హళ్ళిఖేడ్ (బి)లో మహిళా ఆరోగ్య పర్యవేక్షకురాలిగా వేశారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల ఇళ్లకు మూడు నెలలకోసారి వెళ్లి కన్నడ ఫారం నింపడం నా పనుల్లో ఒకటి. మూర్ఛలు వస్తున్నాయా, మందులు వేస్తున్నారా, చెప్పిన మాట అర్థమవుతుందా అని గడులన్నీ బిడ్డ గురించే. తల్లికి ఒక్క గడీ లేదు.

ఈరమ్మ చెరకు తోటల్లో కూలికి వెళ్లేది. భర్త చనిపోయాడు. కూతురు సుజాతకు పందొమ్మిదేళ్లు, అన్నం ఇంకా తల్లే కలిపి పెట్టాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఈరమ్మ మాటిమాటికీ కణతలు నొక్కుకుంటోంది. అడిగితే, "నాకేం గాలేదు సిస్టరమ్మా, తల నొస్తుంది గంతే. పిల్లది రాసుకోండ్రి" అంది. బి.పి. మిషన్ నా సంచిలోనే ఉంది. ఇంకా నాలుగిళ్లు తిరగాలని తీయలేదు.

రెండోసారి వెళ్లేసరికి పక్కింటి శివన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. "పొద్దటి సంది తలుపు తీస్తలేరు" అన్నాడు. కిటికీలోంచి చూశాను. తలుపుకు రెండడుగుల దూరంలో ఈరమ్మ పడి ఉంది. మూతి ఒక పక్కకు పోయింది, ఊపిరి గురకలా వస్తోంది. సుజాత ఆమె కొంగు పట్టుకుని కూర్చుంది.

నేను అంబులెన్స్‌కు ఫోన్ చేస్తుండగానే శివన్న గడ్డపారతో తలుపు మీద ఒక్క దెబ్బ వేశాడు. సుజాత కేక పెట్టి తల్లి మీద పడుకుంది. తలుపు విరిగితే ఇద్దరి మీదా పడుతుంది. అతన్ని ఆపాను. పక్షవాతంలో ప్రతి నిమిషమూ మెదడుకు నష్టమేనని నాకు తెలుసు.

"గడియ తియ్యి బిడ్డా" అని ఎన్నిసార్లు చెప్పినా సుజాత కదల్లేదు. మూడు నెలల క్రితం ఫారంలో 'అర్థం చేసుకోదు' అని రాసింది నేనే. చివరికి మాటలు మానేసి, ఊచల్లోంచి చెయ్యి పెట్టి కిటికీ గడియను లాగి చూపించాను. ఆమె చూసింది. లేచి తలుపు గడియ పట్టుకుంది. లాగితే రాలేదు. మళ్లీ చూపించాను. మూడోసారికి వచ్చింది.

అంబులెన్స్‌లో రోగి వెంట ఒక్కరినే రానిస్తారు. బతిమాలి సుజాతనూ ఎక్కించాను.

బీదర్ ఆసుపత్రిలో మూడో రోజున ఈరమ్మకు మాట వచ్చింది. కుడి చెయ్యి మాత్రం పడిపోయింది. "మల్ల నేను పడితే దీన్ని ఎవరు చూస్తరు సిస్టరమ్మా?" అని అడిగింది.

బిడ్డను చూడాలంటే ముందు తల్లిని చూడాలని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం తల్లి బి.పి. చూశాకే ఫారం తెరిచాను. "మీకేమన్నా అయితే ఎవరొస్తారు?" అని కూడా అడిగి, ఆ పేరు అంచున రాసుకునేదాన్ని. చాలా ఇళ్లలో రాసుకోవడానికి పేరు దొరకలేదు.