మామకంటే ముందు నడిపించిన గేటు

మా అత్తవారింట్లో కోడలు మామకంటే ముందు నడవకూడదు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పింది కాదు, కాపురానికి వెళ్ళిన మొదటి వారంలోనే నాకు తెలిసిపోయింది. మామ వాకిట్లోకి వస్తే కొంగు సర్దుకుని పక్కకు జరగాలి, ఆయన దాటాక వెనక నడవాలి. ఇలాంటి కట్టుబాట్లంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. అయినా పైకి అనే ధైర్యం లేదు. అలాంటిదాన్ని తొమ్మిది నెలలపాటు రోజూ ఆయన్ని దాటి ముందుకు వెళ్ళానంటే, అది నా తెగువ కాదు, మా తోట గేటు చలవ.

అది నిజాం కాలం. ఇప్పుడు విమానాలు కిందికి దిగే వైపంతా అప్పుడు కంపచెట్లూ, బండరాళ్ళూ, మధ్యమధ్య మోట బావులూ. మా తోట సాతంరాయి దారిలో ఉండేది. వంగ, మిరప వేసేవాళ్ళం. చుట్టూ కంప కంచె, దారివైపు బండి పట్టేంత కర్రగేటు. ఒక పక్క నేలలో స్తంభంలా పాతిన రాతి కడీకి రెండు ఇనుప బందులతో వేలాడేది. రెండో కొస వాలిపోయి నేలలో దిగబడి ఉండేది. తెరవాలంటే ఆ కొసను రెండు చేతులా ఎత్తి, పొట్టకు ఆనించుకుని ఈడ్చుకుపోవాలి. తెరిచి వదిలేద్దామా అంటే, ఊళ్ళో మేకలన్నిటి చూపూ మా వంగనారు మీదే.

మామకు అంతకుముందు ఏడాది పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, కాలు కొంత వచ్చింది, ఎడమచెయ్యి రాలేదు. కుడిచేతిలో ఊతకర్ర. అయినా పొద్దున్నే తోటకు వెళ్ళాలి, కూర్చుని ఒంటిచేత్తో కలుపు తియ్యాలి. లేకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. నేను సద్ది మూట పట్టుకుని వెనక నడిచేదాన్ని. గేటు దగ్గర ఆయన ఆగి ముఖం పక్కకు తిప్పుకునేవాడు. నేను ముందుకు వెళ్ళి గేటెత్తి పట్టుకునేదాన్ని. తన తోటలోకి తానే తలొంచుకుని పోయేవాడు.

మా ఆయన షాద్‌నగర్‌లో ఒక దుకాణంలో పనిచేసేవాడు. వారానికోసారి వచ్చి గేటును చూసి, "వచ్చే వారం చూస్త" అనేవాడు. ఆ వచ్చే వారం ఎప్పటికీ వచ్చే వారంగానే ఉండిపోయింది.

ఒకరోజు ఇంటి పని తెమలక నాకు ఆలస్యమైంది. మామ ఒక్కడే ముందు వెళ్ళిపోయాడు. నేను వెళ్ళేసరికి గేటు బయట ఎండలో రాయి మీద కూర్చున్నాడు.

"ఏంది మామా, గిక్కడ కూసున్నవ్?"

"జర గాలికి కూసున్న బిడ్డా."

ఆకు కదలడం లేదు, గాలి ఎక్కడిది? గేటు కింద చూశాను. నేల నాలుగు వేళ్ళ మేర గీసుకుపోయి ఉంది. పక్కన ఊతకర్ర గుంటలు, ఒకచోట మోకాలి ముద్ర. ఎత్తబోయి పడ్డాడన్నమాట. నాకు ఏడుపొచ్చింది. మరుక్షణం కోపం వచ్చింది, గేటు మీదా, మా ఆయన మీదా. ఆ సాయంత్రమే వెళ్ళి, ఊళ్ళో వడ్రంగం చేసే వడ్లాయన్ని పిలిచాను.

మర్నాడు వడ్లాయన వచ్చి గేటు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "గేటు కిందికి జారుతున్నదమ్మా. పైకెళ్లి గుంజి పట్టాలె" అన్నాడు, అంటే పైనుంచి లాగి పట్టాలని. కడీవైపు పై మూల నుంచి, వాలిన కొస కింది మూలకు ఏటవాలుగా ఒక కట్టె కొట్టాడు. నేనూ బాగుందనే తలూపాను. మేమంతా మోట బావుల దగ్గర పెరిగినవాళ్ళం. బరువు పైకి రావాలంటే మోకుతో గుంజాలి, మాకు తెలిసింది అంతే.

నాలుగు రోజులు గేటు బుద్ధిగా ఉంది. ఐదో రోజు కట్టె కొసన మేకులు పాలపళ్ళలా ఊడి వేలాడుతున్నాయి. గేటు మళ్ళీ నేలమీదే. వడ్లాయన్ని పిలిపించాను. నా నోరు ఊరుకోదు కదా.

"ఏందన్నా, గేటుకు బొట్టు వెట్టినట్టు కట్టె వెట్టి పోయినవ్?"

"కట్టె మంచిదేనమ్మా. మీ గేటే బరువు" అని ముఖం ముడుచుకున్నాడు.

రాయి మీద కూర్చున్న మామ మెల్లగా లేచి నిలబడి, చేతిలోని ఊతకర్రను చూసుకున్నాడు.

"అరే, గీ కర్ర నన్ను పైకెళ్లి గుంజుతున్నదార?"

"లేదు పటేలా."

"మరేం జేస్తున్నది?"

వడ్లాయన నసిగాడు. "కింద నిలబడి మోస్తున్నది."

"గదే. గుంజుడు మోకు పని. కట్టె గుంజదు, మోస్తది. నువ్వు కట్టెతోటి మోకు పని చేపిస్తున్నవ్. తిప్పి కొట్టు."

ఊతకర్రతో గేటు మీద చూపించాడు. కడీవైపు కింది మూలలో కట్టె కాలు, వాలిన కొస పై మూలలో దాని తల. వడ్లాయన నెత్తి గోక్కుని నవ్వేశాడు. ఇద్దరం కలిసి గేటెత్తి కింద రాళ్ళు పేర్చాం. రెండు మూలల్లోనూ బిగుసుకునేలా కట్టె కొసలు చెక్కి కూర్చాడు. పై కర్ర మీద పళ్ళెంలో నీళ్ళు పెట్టి మట్టం చూసుకున్నాడు. తర్వాత రాళ్ళు లాగేశాం. గేటు జారలేదు. మామ మాత్రం చూడనట్టే ముఖం తిప్పుకున్నాడు. అంత తొందరగా నమ్మే మనిషి కాదు.

మర్నాడు పొద్దున గేటు దగ్గరికి రాగానే అలవాటుగా నేను ముందుకు అడుగు వేశాను.

"ఆగు బిడ్డా."

ఆగాను. మామ ఊతకర్రను కడీకి ఆనించి, గొళ్ళెం తీసి, కుడిచేత్తో గేటును నెట్టాడు. నేల తాకకుండా, ఎక్కడా ఆగకుండా పూర్తిగా తెరుచుకుంది. ఇక లోపలికి పోతాడనుకుని కొంగు సర్దుకుని పక్కకు జరిగాను. ఆయన కదల్లేదు. గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"పో బిడ్డా, లోపటికి పో."

"నువ్వు ముందు నడువు మామా."

"గిన్ని దినాలు నువ్వు వట్టుకున్నవ్. ఇగ నేను వట్టుకున్న గదా. పో."

కళ్ళు తుడుచుకుంటూ ఆయన్ని దాటి లోపలికి నడిచాను. వెనక గేటు మామే వేశాడు.