మూడో రోజు గోళి

వినోదకు మందు గోళీల లెక్క నేర్పింది నేనే. నా పేరు రిబ్కమ్మ, నారాయణఖేడ్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నర్సుని. 2009లో ఆమె కంగ్టి దగ్గరి పల్లె నుంచి భర్త బస్వరాజ్‌తో వచ్చింది. పెళ్లయి ఆరేళ్లు, పిల్లలు లేరు. నెలసరి మూడు నాలుగు నెలలకోసారి వచ్చేది. అండాశయాల నిండా నీటిబుడగలున్నాయని, అండం ఎదగడం లేదని డాక్టరమ్మ స్కానింగ్ చూసి చెప్పింది. అండం ఎదిగే గోళీలు రాసి, బయట ఇరవై మంది కూర్చున్నారని మిగతాది నాకు వదిలేసింది.

"ముట్టయినంక మూడో దినం నుంచి ఐదు దినాలు, దినానికొకటి. మర్సిపోకు," అన్నాను.

"బువ్వ మరుస్త గని గీ గోళి మరువ సిస్టరమ్మా," అన్నది. చదువు రాదు కాబట్టి ఒక దారానికి ముడులు వేసి రోజులు లెక్కపెట్టుకునేది.

రెండుసార్లు వాడినా ఫలితం లేదు. మూడోసారి వాడాక దసరా అయింది, చెరకు కొట్టే పనికి కర్ణాటకకు బయలుదేరారు. మొగుడూ పెళ్లాం కలిసి వస్తేనే అక్కడ పని.

"ఈ ఏడు ఇంటికాడ ఉండు బిడ్డా," అన్నాను.

"నేను పోకుంటె ఆయనకు జోడీ ఎవరున్నరు?" అని, నాలుగోసారికి గోళీలు కొనుక్కుని పోయింది.

అక్కడ రెండు నెలలు దాటినా నెలసరి రాలేదు. ఇంకొకరికైతే కూలీల గుడిసెల్లో ఆడవాళ్లంతా ఆరా తీసేవాళ్లు. వినోదకు అది మామూలే. చెరకు మోపులు మోస్తూ, లారీకెక్కిస్తూ, ముట్టు ఎప్పుడవుతుందా, గోళీలు ఎప్పుడు మొదలుపెడదామా అని చూసింది. పొద్దున వాంతులైతే నీళ్లు పడలేదనుకుంది. ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది, ఆమె మీద కాదు.

డిసెంబరు చివర్లో, చెరకు తోటలోనే కడుపునొప్పి లేచి రక్తం కనిపించింది. నొప్పి ఎన్నడూ లేనంత ఉన్నా ఓర్చుకుంది. దారానికి ముడి వేసింది. మూడో రోజు మొదటి గోళి మింగింది. ఐదు రోజులూ తప్పలేదు.

రక్తం ఆగకపోయేసరికి పదిహేను రోజులకు మా దగ్గరికొచ్చింది. గర్భం పోయిందని, కొంత లోపలే మిగిలిందని స్కానింగులో తేలింది.

"నాకు కడుపెప్పుడైంది?" అని వినోద నా మొహంలోకి చూసింది.

ముట్టయితే ఏం చేయాలో చెప్పాను. కాకపోతే ఏం చేయాలో చెప్పలేదు. ముప్ఫై అయిదు రోజులు దాటితే వచ్చి పరీక్ష చేయించుకో అనే ఒక్క మాట నా నోట రాలేదు. డాక్టరమ్మకు తీరిక లేదు సరే, నాకేమైంది? ఆమె లెక్క ఎక్కడా తప్పలేదు. నేను నేర్పిందే సగం లెక్క.

గర్భసంచి శుభ్రం చేశాక మంచం పక్కన కూర్చుని తప్పు నాదేనని చెప్పాను. ఆమె గోడకేసి తిరిగి అన్నది:

"గా దినం ముట్టయిందని చెప్తే మా ఆయన సంబరంగ జిలేబి తెచ్చిండు సిస్టరమ్మా. ఇద్దరం తిన్నం."