అభ్యంతరం ఉంటే లేవండి

మా సరోజినీ టీచరుగారికి భయమంటే ఏమిటో తెలియదని ఊరంతా అనుకునేవాళ్ళం. ఆడపిల్లల్ని నర్సింగుకి పంపేది లేదన్న తండ్రుల్ని వాళ్ళ అరుగుల మీదే నిలదీసి ఒప్పించిన మనిషి. నా వెంటపడి నాకు స్కూటీ నేర్పించిందీ ఆవిడే. అలాంటావిడ, ముమ్మిడివరం రాజ్ కుమార్ గారు పెళ్ళి చేసుకుందామని అడిగితే ఏడాదిపాటు ‘చూద్దామండీ’ అంటూ నాన్చారు.

రాజ్ కుమార్ గారు రిటైరైన బస్సు కండక్టరు. ఆయన భార్య పోయి చాలా కాలమైంది, టీచరుగారి భర్త పోయీ అంతే. ఆయనకి వంక పెట్టాలని నేను చాలా ప్రయత్నించాను, దొరకలేదు. టీచరుగారి కూతురు నిఖిత ఎప్పుడో సరేనంది. మరి భయం ఎవరంటే, స్టెల్లాగారంటే. టీచరుగారి పోయిన భర్తకి చెల్లెలావిడ. మాట తక్కువ, చూపు ఎక్కువ. పెళ్ళి సంగతి చెబితే ‘అలాగా’ అని ఊరుకున్నారు. ఆ ‘అలాగా’ని టీచరుగారు అటు తిప్పి ఇటు తిప్పి ఆలోచించుకుని సగమైపోయి, చివరికెలాగో సరేనన్నారు.

మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పాస్టరుగారు పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పమంటారు. మొదటి ఆదివారం టీచరుగారు తలనొప్పంటూ ఇంట్లో ఉండిపోయారు. రెండో ఆదివారం వచ్చి నా పక్కన కూర్చున్నారు. పాస్టరుగారు ఆ మాట అడిగారో లేదో, ముందు వరసలో స్టెల్లాగారు లేచారు. టీచరుగారు నా చెయ్యి పట్టుకున్న పట్టుకి నా గాజు చిట్లింది. స్టెల్లాగారు తిన్నగా గోడ దగ్గరికెళ్ళి, ఫ్యాను వేగం పెంచి, వచ్చి కూర్చున్నారు.

అంతేనా అని నేను నవ్వాను. టీచరుగారు మాత్రం ఇంక ఈ పెళ్ళి వద్దనుకున్నారు. ఆ మాట చెబుదామని పాస్టరుగారింటికి వెళ్ళి, టీ తాగి, సండే స్కూలు పిల్లల గురించి మాట్లాడి తిరిగొచ్చేశారు. వద్దని చెప్పడానికీ ధైర్యం చాలలేదు! నాకు ఒళ్ళు మండింది.

“ఊళ్ళో అందరికీ ధైర్యం చెప్పేరు, మీకేం మిగుల్చుకోలేదాండీ?” అనేశాను.

ఆవిడ కోప్పడలేదు. “స్టెల్లా లేస్తుందని కాదే. లేచి తప్పంటే, నిజమేనని నాక్కూడా అనిపిస్తుందేమోనని,” అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

మూడో ఆదివారం అంబాజీపేటలో కొబ్బరి లారీలు అడ్డుపడి రాజ్ కుమార్ గారు ఎక్కిన బస్సు ఆలస్యమైంది. సరిగ్గా ప్రకటన వేళకి ఆయన చెమటలు తుడుచుకుంటూ వచ్చి మగవాళ్ళ వైపు కూర్చున్నారు. పాస్టరుగారు అడిగారు. ఎవరూ కదల్లేదు. నా పక్కనుంచి టీచరుగారు లేచారు.

“అభ్యంతరం నాకేనండి,” అన్నారు. “ఏడాది నుంచీ ఉంది. ఇప్పుడు లేదండి. కానివ్వండి.”

మగవాళ్ళ వైపు నుంచి, పాత అలవాటు కొద్దీ, “రైట్, రైట్” అని వినబడింది. చర్చంతా గొల్లున నవ్వింది. పాస్టరుగారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు. టీచరుగారు మాత్రం నవ్వకుండా స్టెల్లాగారి వైపే చూస్తూ నిలబడిపోయారు.

స్టెల్లాగారు లేచి మా వరసకి వచ్చారు. నన్ను పక్కకి జరగమని, వదినగారి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చున్నారు.

“పెళ్ళిరోజుకి ఈ ఫ్యాన్లు చాలవు వదినా,” అన్నారు. “ఇంకో రెండు నేను తెప్పిస్తాలే.”